శ్రీకాకుళంలో 2012 మోడల్ సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం, ఏమేం చెక్ చేసుకోవాలి?

మన వైపు పాత కారుకి ముందు చూడాల్సింది తుప్పు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో తిరిగిన బండిని ఉప్పుగాలి అడుగు నుంచి తినేస్తుంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. డోర్ల అడుగు అంచులు, కాళ్ల దగ్గర మ్యాట్ కింద రేకు కూడా తడమండి. వేలితో నొక్కితే పొరలు రాలుతున్నాయా, ఎంత తక్కువకిచ్చినా వద్దు. సీటు బెల్టు చివరిదాకా లాగండి. బెల్టు లోపలి భాగంలో బురద మరకలుంటే వరదనీళ్లలో మునిగిన బండి అని అనుమానించాల్సిందే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడెక్కి ఉంటే మరో రోజు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టే, అది పెద్ద ఖర్చు. నమ్మకమైన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లడం మంచిది.

ప్రైవేటు కారు ఆర్సీ 15 ఏళ్లకే. తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. 2012 బండికి ఆ గడువు 2027లోనే, కాబట్టి ఆ ఖర్చు చూపించి బేరమాడండి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి ఆ ఫైనాన్స్ తీయించే ఫారం 35 అడగండి. ఇచ్ఛాపురం అవతలి ఒడిశా నంబరు బండి చవగ్గా కనిపించినా, అక్కడి ఆర్టీవో ఆఫీసు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ కలిపి లెక్కేసుకోండి.