ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలోని పాత మాల్స్ మీద నీకున్న ప్రేమ నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మొదటి రెండు పేజీల్లో నువ్వు చూపించిన ఫౌంటెన్, నియాన్ లైట్లు, ఎస్కలేటర్ పక్కన మొక్కలు ఎవరి పాత ఫోటోలోనైనా కనిపించేవే. "ఆ రోజులే వేరు" అని నాలుగు చోట్ల రాశావు. నాలుగూ కొట్టేయ్.

ఆ బిల్డింగ్ ఎలా పనిచేసేదో ముందు తెలుసుకో. రెండు చివర్లా రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఎందుకు ఉండేవి? జనం ఒకదాన్నుంచి ఇంకోదానికి నడవాలని, నడుస్తూ మధ్యలో ఉన్న చిన్న షాపుల్లోకి కూడా తొంగిచూడాలని. "ఊరికే తిరిగేవాళ్లం" అని నువ్వు రాసిన చోట ఈ సంగతి చేరిస్తే, మీరు ఊరికే తిరిగిన ఆ దారిని ముందే ఎవరో గీసి పెట్టారని చదివేవాళ్లకి తెలుస్తుంది. దానివల్ల నీ జ్ఞాపకం విలువేమీ తగ్గదు, నాకైతే ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

ఇలాంటి మాల్స్‌కి మొదట గీత గీసినవాళ్లలో పెద్ద పేరు విక్టర్ గ్రూయెన్. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా వదిలి అమెరికా చేరిన ఆర్కిటెక్ట్. మీ డెట్రాయిట్ పక్కన 1954లో నార్త్‌ల్యాండ్ కట్టింది ఆయనే. 1956లో మిన్నెసోటాలో సౌత్‌డేల్ తెరిచారు. మొత్తం ఒకే కప్పు కింద, బయట మంచు పడుతున్నా లోపల వెచ్చగా ఉండే మొదటి మాల్ అది, మధ్యలో చెట్లు, పక్షుల పంజరం కూడా పెట్టారు. ఆయన ఆశ వేరు. మాల్ రచ్చబండలా ఉండాలి, చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రులు రావాలి అనుకున్నాడు. చుట్టూ వచ్చింది మాత్రం పార్కింగ్. చివరి రోజుల్లో ఆ మాల్స్ తనవి కావని ఆయనే చెప్పేశాడు. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

ఇంకో మాట, పేర్ల గురించి. అమ్మగారు పనిచేసిన డిపార్ట్‌మెంట్ స్టోర్‌ని వ్యాసమంతా మేసీస్ అనే రాశావు. మీ అమ్మగారు పనిచేసిన 1990ల్లో అక్కడ ఆ స్టోర్ పేరు హడ్సన్స్. 2001లో అది మార్షల్ ఫీల్డ్స్ అయ్యింది, మేసీస్ అయ్యింది 2006లో. ఆ ఊళ్లో పెరిగినవాళ్లకి హడ్సన్స్ అన్న ఒక్క పేరు చాలు, డౌన్‌టౌన్‌లో 1998లో పేల్చి కూల్చేసిన ఆ పెద్ద బిల్డింగ్ కళ్ల ముందుకొస్తుంది. బోర్డు పీకేశాక గోడ మీద మిగిలే అక్షరాల మచ్చని పాత మాల్స్ అభిమానులు లేబుల్‌స్కార్ అంటారు, వీలైతే వెళ్లి అలాంటిదొకటి చూడు, ఫోటోలో కాదు, దగ్గర నిలబడి.

ఇక అసలు విషయం. మూడో పేజీలో, "అమ్మ ఐదేళ్లు పెర్ఫ్యూమ్ కౌంటర్‌లో పనిచేసింది" అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. కొత్త దేశం, కొత్త భాష, తలుపు తీసుకుని వచ్చే ప్రతి మనిషికీ నవ్వుతూ కాగితం ముక్క మీద సెంటు చల్లి ఇవ్వడం, ఎనిమిది గంటలు నిలబడే ఉండటం. నువ్వు ఫౌంటెన్‌లో నాణేలు వేస్తున్న ఆ సాయంత్రాలే ఆమెకి డ్యూటీ టైమ్. వ్యాసం అక్కడ మొదలవ్వాలి, మిగతాదంతా ఆమె కౌంటర్ వెనక నుంచి కనిపించాలి.

ఆమెకి ఫోన్ చెయ్. పెద్ద ప్రశ్నలు అడగొద్దు, "అప్పుడు ఎలా అనిపించేది" అంటే "బాగానే ఉండేది" అని ఊరుకుంటారు. ఏ చెప్పులు వేసుకునేది, అన్నం ఎక్కడ కూర్చుని తినేది, మొదటి జీతంతో ఆ స్టోర్‌లోనే ఏమైనా కొనుక్కుందా, ఇంటికొచ్చాక ఆ వాసన చీరలకి పట్టేదా, ఇవి అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసుకో. సరిచెయ్యకుండా ఆ కాగితాలే ముందు నాకు పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.