వాక్-ఆన్‌గా కాలేజీ సాకర్ జట్టులో చేరాలంటే: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి,

మామయ్య ఆశీస్సులు. స్కాలర్‌షిప్ పిలుపు రాకపోయినా వాక్-ఆన్‌గా, అంటే పిలుపు లేకుండా నీ అంతట నువ్వే వెళ్ళి, కాలేజీ జట్టులో చేరతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చేరొచ్చు. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలవగానే ట్రైఔట్ (ఎంపిక ఆట) పెడతారు, అక్కడ బాగా ఆడితే తీసుకుంటారు అనుకుంటున్నావు కదా. అప్పటికే జట్టు ప్రీసీజన్ (సీజన్ ముందు సాధన) ముగించి మ్యాచ్‌లలోకి దిగి ఉంటుంది. ఆ సమయంలో కోచ్ ఇంకొకణ్ణి తీసుకున్నాడంటే, తన రోస్టర్‌లో (ఆటగాళ్ళ జాబితాలో) ఎక్కడో ఖాళీ ఉండి, అది వీడితో నిండుతుందని తోచినప్పుడే. కాబట్టి నీ పని మైదానంలో కాదు, రోస్టర్ దగ్గర మొదలవ్వాలి.

ముందు అసలు జట్టుందో లేదో చూసుకో. ఆస్టిన్ యూటీలోనూ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లోనూ అమ్మాయిలకు వర్సిటీ (కాలేజీ అధికారిక జట్టు) సాకర్ ఉంది, అబ్బాయిలకు లేదు. ఆ రెండూ ఉన్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల కూటమి) అబ్బాయిల సాకర్ నడపదు. అందులోని కెంటకీ, సౌత్ కరోలినా జట్లు ఈ ఆట కోసం సన్ బెల్ట్ అనే మరో కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. మీ డాలస్ వైపు ఎస్‌ఎంయూది (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) డివిజన్ 1 జట్టు, అంటే మూడు స్థాయిల్లో పైది. యూటీ డాలస్ 2025లో డివిజన్ 3 వదిలి డివిజన్ 2 వైపు వెళ్ళింది. కాలేజీ పేరు చూసి అప్లై చేసి, సీటొచ్చాక జట్టే లేదని తెలుసుకునే పిల్లలు నిజంగా ఉంటారు.

డివిజన్ 1 తలుపు ఈమధ్య ఇంకా ఇరుకైంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌లో (ఆటగాళ్ళకు డబ్బు చెల్లింపు మీద కుదిరిన రాజీలో) చేరిన కాలేజీల్లో సాకర్ రోస్టర్ 28 మందికి మించకూడదు. అంతకుముందు స్కాలర్‌షిప్‌లకే పరిమితి ఉండేది, తలలకు కాదు. అందుకే నలుగురైదుగురు వాక్-ఆన్‌లను అట్టేపెట్టుకోవడం కోచ్‌లకు భారం అనిపించేది కాదు. ఇప్పుడు ఒక్కో చోటూ లెక్కే. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) నుంచి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ ఆటగాళ్ళు వచ్చి ఆ చోట్లకే పోటీపడతారు. నన్నడిగితే డివిజన్ 3 వైపు గట్టిగా చూడు. అక్కడ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఎవరికీ ఉండదు, డబ్బు లెక్కన అందరూ సమానమే. అలాగని చులకన చేయకు. శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ 2003లో జాతీయ ఛాంపియన్ అయిన డివిజన్ 3 జట్టే, అక్కడ చోటు సంపాదించడం మామూలు సంగతి కాదు.

ఇక రోస్టర్ చదవడం. నీకు సీటు రాగల ఆరేడు కాలేజీలు తీసుకుని ఒక షీట్ తయారుచెయ్. ఒక్కో జట్టులో ఏ పొజిషన్‌లో ఎంతమంది, అందులో సీనియర్లు ఎందరు, నిరుడు ఎవరెన్ని నిమిషాలు ఆడారు? ఇవన్నీ జట్టు సైట్లోనే దొరుకుతాయి. ఎనిమిది మంది మిడ్‌ఫీల్డర్లలో ఒక్కడే సీనియర్ అయితే నువ్వెంత బాగా ఆడినా అక్కడ చోటు పుట్టడం కష్టం. ఎడమ కాలి ఫుల్‌బ్యాక్‌లకు (అంచున ఆడే డిఫెండర్లకు) ఎప్పుడూ కరువే. గోల్‌కీపర్లలో ఒకడికి దెబ్బ తగిలితే ప్రాక్టీసే కుంటుపడుతుంది, అందుకే కీపర్‌గా వచ్చేవాడి మెయిల్ కోచ్ తప్పక తెరుస్తాడు. నువ్వు కుడికాలి మిడ్‌ఫీల్డర్‌వి, నీలాంటివాళ్ళే అన్నిచోట్లా ఎక్కువ. క్లబ్‌లో కుడి ఫుల్‌బ్యాక్‌గా కొన్ని మ్యాచ్‌లు ఆడించమని ఇప్పుడే అడుగు, వాటిని వీడియో తీయించు.

మెయిల్ హెడ్ కోచ్‌కి ఒక్కడికే కాదు, రిక్రూటింగ్ చూసే అసిస్టెంట్‌కీ పంపు. సబ్జెక్ట్ లైన్‌లోనే పేరు, హైస్కూల్ ముగిసే ఏడు, పొజిషన్, క్లబ్ ఉండాలి. లోపల ఏడెనిమిది లైన్లు చాలు: జీపీఏ, అడ్మిషన్ వచ్చిందా లేదా, ఎత్తు, ఏ కాలు, క్లబ్ కోచ్ ఫోన్ నంబరు, రాబోయే మ్యాచ్‌ల తేదీలు, వీడియో లింకు. స్కాలర్‌షిప్ అడగడం లేదనీ, వాక్-ఆన్‌గా చూడమంటున్నాననీ సూటిగా రాయి. వీడియో నాలుగు నిమిషాలు దాటకూడదు. మొదటి అరనిమిషంలోనే నీ మంచి ఆట కనబడాలి, ప్రతి క్లిప్‌లో బంతి రాకముందే నీ మీద బాణం గుర్తు ఉండాలి. పాట పెట్టకు. పూర్తి మ్యాచ్ ఒకటి విడిగా జతచెయ్, నిజంగా ఆసక్తి ఉన్న కోచ్ అదే చూస్తాడు. పది రోజులకు జవాబు లేకపోతే మరోసారి రాయి. క్యాంపుకు రమ్మని మెయిల్ వస్తే పొంగిపోకు. కాలేజీ క్యాంపులు నిబంధన ప్రకారం అందరికీ తెరిచి ఉంచాలి, ఆ మెయిల్ వందలమందికి వెళ్తుంది. నీ వీడియోలోని ఫలానా సంగతి గురించి మాట్లాడితే, అప్పుడు డబ్బు కట్టి వెళ్ళు. ఇంకొకటి, మీ నాన్న కోచ్‌కి ఫోన్ చేయకూడదు. బావగారికి నేను విడిగా చెప్తాను.

ఎక్కువమంది తప్పేది ఫిట్‌నెస్ పరీక్షలో. ఏ పరీక్ష పెడతారో ముందే అడుగు, చెప్తారు. బీప్ టెస్ట్ అయితే 20 మీటర్ల మధ్య పరుగు, గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి 0.5 చొప్పున పెరుగుతుంది. యోయో అయితే 20 మీటర్లు వెళ్ళి వచ్చాక 10 సెకన్ల విరామం. చాలా జట్లు 120లు పెడతాయి: మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు 120 గజాలు, 18 సెకన్ల అటూ ఇటూగా పరుగెత్తి, అరనిమిషంలో జాగింగ్‌తో వెనక్కి వచ్చి, ఇంకో అరనిమిషం ఆగి మళ్ళీ, అలా పదిసార్లు. ఉత్సాహం కొద్దీ మొదటి మూడూ 15 సెకన్లలో కొట్టినవాడు ఏడోదానికి కూలబడతాడు. వారానికి రెండుసార్లు సాధన చెయ్. ఐదింటితో, 20 సెకన్ల వేగంతో మొదలుపెట్టి, వారానికి ఒకటి చొప్పున పెంచు. పది వచ్చాకే వేగం పెంచు. ట్రెడ్‌మిల్ మీద వద్దు, మలుపు తిరిగేటప్పుడు తొడలు, మడమలు పడే శ్రమ దాని మీద రాదు. ఆట బూట్లు వేసుకునే పరుగెత్తు, కొత్త బూట్లతో ట్రైఔట్‌కి వెళ్తే గంటకే బొబ్బలు. డాలస్ ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి, చివరి రెండు వారాలూ సాయంత్రం చల్లబడ్డాక కాకుండా ట్రైఔట్ పెట్టే వేళకే పరుగెత్తు. తిండి సంగతి మీ అమ్మకి కోపం వచ్చినా చెప్పాలి: రెండు పూటలా పప్పూ పెరుగన్నమూ ఈ శ్రమకు చాలవు. గుడ్లో, చికెనో, పనీరో పూటపూటా ఉండాలి.

ట్రైఔట్‌లో ఎక్కువగా నలుగురికి నలుగురు, ఏడుగురికి ఏడుగురు ఆడిస్తారు. అక్కడ ముగ్గురిని డ్రిబుల్ చేసి నాలుగోవాడి దగ్గర బంతి పోగొట్టుకున్నవాడు తప్ప అందరూ కోచ్‌కి నచ్చుతారు. బంతి రాకముందు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నావా, మొదటి టచ్ ఎటు పడుతోంది, బంతి పోయాక మొదటి ఐదు సెకన్లు ఏం చేస్తున్నావు? వాళ్ళ కళ్ళు వీటి మీద ఉంటాయి. నోరు తెరువు. మన పిల్లలు పెద్దవాళ్ళ ముందు మాట్లాడకపోవడం మర్యాద అనుకుంటారు, అక్కడ అది లోపం కింద లెక్క.

కాగితాలు లేక మైదానంలోకి కూడా దిగనివ్వని సందర్భాలు చాలా. ఆరు నెలల లోపు చేయించిన ఫిజికల్ (డాక్టర్ చేసే ఆరోగ్య పరీక్ష), ఇన్సూరెన్స్, సికిల్ సెల్ (రక్తకణాల లోపం) పరీక్ష ఫలితం కావాలి. నువ్వు అమెరికాలో పుట్టావు కాబట్టి ఆ చివరిది పుట్టినప్పటి స్క్రీనింగ్ రికార్డులో ఉంటుంది, మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. గుంటూరులో పుట్టిన మీ అన్నలాంటి వాళ్ళైతే రక్తపరీక్ష చేయించుకోవాలి, ఫలితానికి రోజులు పడుతుంది. డివిజన్ 1, 2లకు ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు తప్పదు. హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, వాటిలో డివిజన్ 1కి 2.3, డివిజన్ 2కి 2.2 జీపీఏ. కాలేజీలో చేరాక సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ప్రాక్టీసు చాలాచోట్ల మధ్యాహ్నాలే. ఇంజనీరింగ్ ల్యాబ్‌లు కూడా అప్పుడే పడతాయి, కనుక రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పొద్దుటి సెక్షన్లు పట్టుకో.

తీసుకున్నా మొదటి ఏడాది ఆడిస్తారనుకోకు. సీజన్‌లో వారానికి 20 గంటల దాకా సాధన, బయటి ఊళ్ళ మ్యాచ్‌లకు బస్సులో చోటు ఉండకపోవచ్చు. ఆగస్టులో వద్దన్నా అక్కడితో వదలకు. సీజన్ డిసెంబరులో ముగిశాక సీనియర్లు వెళ్ళిపోతారు, కొందరు పోర్టల్‌లోకి పోతారు. స్ప్రింగ్ ప్రాక్టీసులకు మనుషులు కావాలి. జనవరి మొదటి వారంలో కోచ్‌కి మళ్ళీ రాసేవాళ్ళు తక్కువ, నువ్వు రాయి. ఈలోపు కాలేజీ క్లబ్ జట్టులో ఆడుతూ ఉండు, కాళ్ళు చల్లారనివ్వకు.

షీట్ తయారయ్యాక నాకు పంపు. మొదటి మెయిల్ కూడా పంపే ముందు ఒకసారి చూపించు.

ఇట్లు,
మామయ్య