తిరుపతి ఎండలో రైజెన్ 5 5600ని ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

రైజెన్ 5 5600 (ఏఎండీ ప్రాసెసర్ చిప్), బి550 మదర్‌బోర్డు, 3200 ర్యామ్, చిప్ డబ్బాలో వచ్చిన కూలర్, తిరుపతిలో ఏసీ లేని మేడ మీద గది. దీన్ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, 4.6 గిగాహెర్ట్జ్‌కి లాగొచ్చా అని కదా మీరడిగింది?

వద్దు. చిప్ కాలిపోతుందని కాదు, లెక్క గిట్టదు. అది తనంతట తానే 4.4 దాకా వెళ్తుంది. 4.6 అంటే పెరిగేది నాలుగున్నర శాతం. ఆటలో 60 ఫ్రేములు వస్తుంటే మహా అయితే 62. గ్రాఫిక్స్ కార్డే వెనకబడి ఉంటే అదీ రాదు. ఆ కాస్త కోసం వోల్టేజీ 1.2 నుంచి 1.3కి పెంచాల్సి వచ్చిందనుకోండి. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్), దాంతోపాటు వేగాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సుమారు 23 శాతం ఎక్కువవుతుంది. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పాడైతే వారంటీ కూడా వర్తించదు.

ఇక గది సంగతి. గాలి 25 డిగ్రీలున్నప్పుడు 75 చూపే చిప్, గది 38కి చేరితే 88 దగ్గరికి వస్తుంది. దీని పరిమితి 90. డిసెంబరు రాత్రి టెస్టు పాసై మురిపించిన సెట్టింగు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చేతులెత్తేస్తుంది. టెస్టు చేస్తే మే నెల మధ్యాహ్నం మూడింటికి చేయండి.

ముందు ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు 2400 గానీ 2666 గానీ ఉంటే, మీ 3200 ర్యామ్ సగం నిద్రలో ఉన్నట్టే. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగు అది (కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అంటారు). ఒకే స్టిక్ ఉంటే, ఓవర్‌క్లాక్ మాట పక్కనపెట్టి రెండోది కొనండి.

తర్వాత వోల్టేజీ పెంచడం కాదు, తగ్గించడం. బయోస్‌లో పీబీవో (ఏఎండీ వేగం సెట్టింగు) అడ్వాన్స్‌డ్, అందులో వోల్టేజీ సర్దే కర్వ్ ఆప్టిమైజర్, ఆల్ కోర్స్, నెగెటివ్, 10 అని వరసగా ఎంచుకోండి. ఒక్కో అంకెకి వోల్టేజీ 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. రెండు మూడు రోజులు బాగుంటే 15, తర్వాత 20. వేడి తగ్గితే బూస్ట్, అంటే చిప్ తనంతట తాను అందుకునే పై వేగం, ఎక్కువసేపు నిలుస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. చిప్‌ని పూర్తిగా పని చేయించే సినీబెంచ్ టెస్టు అరగంట ఆడింది కదా అని నిశ్చింతగా ఉంటారు. బ్రౌజర్‌లో ఊరికే కూర్చున్నప్పుడు మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. తేలిక పనిలోనే చిప్‌లోని ఒక్క కోరు (పని చేసే ఒక భాగం) గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది, వోల్టేజీ చాలనిది అప్పుడే. విండోస్ లోపాల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ ఎర్రర్ 18 (హార్డ్‌వేర్ లోపం) కనిపిస్తే, కర్వ్ ఆప్టిమైజర్ అంకెలో 5 వెనక్కి రండి.

అసలు డిస్‌ప్లేనే రాకపోతే కంగారొద్దు. ప్లగ్ పీకి, బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ మామూలు స్థితికి వస్తుంది. ఎక్స్‌ఎంపీ మాత్రం మళ్లీ ఆన్ చేసుకోవాలి.