తూకానికి వేసిన నాటకశాల

ప్రశ్న: మాది రామంతపూర్. నేను ప్రైవేటు ఉద్యోగిని. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. రెండేళ్ళుగా ఒక నాటక బృందంతో తిరుగుతోంది. నటించదు, సెట్లు వేస్తుంది. ఇప్పుడు చదువు ఆపేసి ఆ పనే నేర్చుకుంటానంటోంది. హాల్లో టేబులంతా ఆక్రమించి, నెల రోజులు కూర్చుని అట్టలతో చేసిన బొమ్మ స్టేజీని కోపంలో పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఇరవై రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సెట్లు వేయడానికి చదువు ఉంటుందా? అది తిండి పెడుతుందా?
- ఒక తండ్రి

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఉంది. అయితే నేను ఆగిపోయింది మీరు మధ్యలో చెప్పిన అట్టల దగ్గర. ముందు ఆ సంగతి.

మీరు బొమ్మ స్టేజీ అన్నదాన్ని ఆ పనిలో ఉన్నవారు మోడల్ అంటారు. నాటకాన్ని పదేపదే చదివి, దర్శకుడితో కూర్చుని, వేదిక కొలతలు తెచ్చుకుని, ప్లాను గీశాక చేసేది అది. తరచుగా 1:25 కొలతలో చేస్తారు. పది మీటర్ల వేదిక నలభై సెంటీమీటర్లవుతుంది, మనిషి వేలెడంత అవుతాడు. తలుపు ఎటు తెరుచుకోవాలి, చివరి వరుసలో ఓ పక్కన కూర్చున్నవారికి మూలనున్న మంచం కనిపిస్తుందా, ఒక రంగం నుంచి ఇంకో రంగానికి సామాను మార్చడానికి ఎందరు కావాలి అన్నవన్నీ అందులోనే తేలిపోతాయి. వడ్రంగి, రంగులు వేసేవారు, లైట్లు పెట్టేవారు దాన్ని చూసే పని మొదలుపెడతారు. నెల రోజుల ఆలోచనను మీరు తూకానికి వేశారు.

మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. చేతికందిన చదువు మానేస్తానంటే ఏ తండ్రి గుండె అయినా జారుతుంది. కానీ మొదటి మాట మీరే మాట్లాడాలి. "అదేమిటో తెలుసుకోకుండా పారేశాను, తప్పు చేశాను" అనండి. ఆ వెంటనే "అయినా నువ్వు కూడా" అని మొదలుపెట్టకండి. అంతటితో ఆపండి.

ఇక చదువు. ఆఖరి సంవత్సరంలో ఆపడానికి మాత్రం నేనూ ఒప్పుకోను. ఆమె కోరుకునే దారికే ఆ పట్టా కావాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, రెండేళ్ళ పీజీ కోర్సు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఢిల్లీలో 1959లో మొదలైన జాతీయ నాటక పాఠశాలది మూడేళ్ళ కోర్సు. మొదటి ఏడాది అందరికీ ఒకే పాఠం, ఆ తర్వాత రంగాలంకరణ, అంటే సెట్ల పని వైపు వెళ్ళవచ్చు. ఉపకార వేతనం కూడా ఇస్తారు. అక్కడ డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు. మీకు కాలక్షేపంగా కనిపించిన ఆ రెండేళ్ళ తిరుగుడు రేపు ఆమె దరఖాస్తులో లెక్కకు వస్తుంది. సివిల్ చదువూ వృథా కాదు. పదిమంది నటులు ఎక్కి గెంతే అరుగు కూలకుండా నిలబడాలంటే బరువుల లెక్క తెలిసినవాళ్ళే కావాలి.

తిండి మాట దాచకుండా చెబుతాను. తెలుగు నాటకం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం. నాటక పరిషత్తుల పోటీల్లో ఉత్తమ రంగాలంకరణ బహుమతి వస్తే సంతోషమే, దానితో అద్దె తీరదు. ఈ విద్య వచ్చినవారు సినిమా కళా విభాగంలో, సీరియళ్ళలో, ప్రదర్శనశాలల్లో, వేడుకల వేదికల మీద కూడా పనిచేస్తారు. కొన్నేళ్ళు సహాయకురాలిగా చేయాలి, పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉంటుంది. అందుకని ఎన్నేళ్ళు, ఎంత డబ్బు మీరు భరించగలరో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఆమెకు మీ జీతం ఎంతో, అప్పులు ఎన్నో తెలుసా? చెప్పండి. పెద్దపిల్ల, అర్థం చేసుకుంటుంది.

నాటకం ముగిశాక సెట్టు విప్పి లారీకి ఎక్కించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ భయం మీ ఉత్తరంలో లేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. బృందంలో ఎవరితో ఇంటికి వస్తుందో అడగండి, వాళ్ళను ఒకసారి భోజనానికి పిలవండి.

నగరంలో సురభి వారి నాటకం పడిన రోజు ఆమెను తీసుకుని వెళ్ళండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాలు అవి, తరాలుగా తెరలు గీస్తూ, తాళ్ళు లాగుతూ బతికినవారు. కళ్ళ ముందే రాజసభ పోయి అడవి వచ్చినప్పుడు, అదెలా జరిగిందని మీ అమ్మాయిని అడగండి. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డు రాకండి.

మళ్ళీ మోడల్ చేస్తానంటే హాల్లో టేబులు ఖాళీ చేసి ఇవ్వండి.