అమ్మాయి చెన్నైలో వయొలిన్ చదువుతానంటోంది, ఎఫ్‌డీ తీసేయమంటారా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 48, ప్రైవేటు ఉద్యోగం. చేతికి 62,000 వస్తుంది. ఇంటి ఖర్చులు 38,000, హోమ్ లోన్ ఈఎంఐ 11,000 పోను 13,000 మిగులుతాయి. మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో వయొలిన్ ప్రధానంగా మూడేళ్ల డిగ్రీ చేస్తానంటోంది. ఫీజు ఏడాదికి 20,000 దాటదు. హాస్టల్, భోజనం, బయట గురువు దగ్గర పాఠం, తిరుగుడు కలిపి నెలకు 16,000 అవుతుందని అక్కడున్న బంధువులు చెప్పారు. కొత్త వయొలిన్‌కి 1.2 లక్షలట. నా దగ్గర 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. వచ్చే ఏడాది 3 లక్షల చీటీ వస్తుంది. పీఎఫ్‌లో 14 లక్షలు. అబ్బాయి ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. ఎఫ్‌డీ తీయనా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోనా? పక్కన దూరవిద్యలో బీకాం చేయించమంటున్నారు. అసలు ఈ చదువు తిండి పెడుతుందా? ఎలక్ట్రానిక్ తంబూరా కూడా కొనమంటోంది, అవసరమేనా?

జవాబు: మీరు అడిగిన వాటిలో చివరి నుంచి రెండోది అసలు ప్రశ్న. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. కాబట్టి ముందు తిండి సంగతి చూద్దాం.

సంగీతం డిగ్రీ ఫీజు చూసి చాలామంది తల్లిదండ్రులు ‘ఇంతేనా’ అనుకుంటారు. మీ అమ్మాయి మూడేళ్ల ఫీజు మొత్తం 60,000. ఇంకో రెండేళ్లలో అబ్బాయిని రెసిడెన్షియల్ ఇంటర్‌లో వేస్తే ఒక్క ఏడాదికి ఎంత కట్టాలో కనుక్కుని పక్కన పెట్టి చూడండి. అయితే ఈ చదువులో అసలు ఖర్చు ఫీజు కాదు, మూడేళ్లూ కాదు. ఇంజినీరింగ్ పిల్లలకు చివరి ఏడాదిలో క్యాంపస్ ఇంటర్వ్యూ ఉంటుంది. వయొలిన్ పిల్లకు ఉండదు. పట్టా చేతికొచ్చిన రోజు నుంచి నలుగురూ పిలిచే స్థాయికి వెళ్లడానికి ఇంకో ఐదేళ్లు పడుతుందనే అనుకోండి. అందుకే నేను దీన్ని మూడేళ్ల ఖర్చుగా కాకుండా ఎనిమిదేళ్ల ఖర్చుగా చూస్తాను. ఉన్న డబ్బంతా మొదటి మూడేళ్లలో పెట్టేసి, తర్వాత ‘ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడు’ అన్న ఇళ్లలోనే సంగీతం మధ్యలో ఆగిపోవడం చూశాను.

ఆ ఐదేళ్లు ఎలా ఉంటాయో చెబుతాను. నాలుగేళ్ల కిందట ఒక డిసెంబరులో చెన్నై మైలాపూర్‌లో ఓ మధ్యాహ్నం కచేరీకి వెళ్లాను. ఆ నెల సంగీత సీజన్‌లో చాలా సభల్లో, అంటే కచేరీలు పెట్టే సంస్థల్లో, పగటిపూట కచేరీలకు టికెట్ ఉండదు. హాల్లో ముప్ఫై మంది ఉంటే, అందులో కొందరు క్యాంటీన్ తెరిచేదాకా కాలక్షేపానికి కూర్చున్నవాళ్లు. పాడినమ్మాయికి పాతికేళ్లు ఉంటాయి, చక్కగా పాడింది. అయిపోయాక స్టేజీ వెనక సభవాళ్లు ఒక కవరు ఇచ్చారు. ఆమె దాన్ని విప్పకుండానే తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంకో రెండు కవర్లు తీసి వయొలిన్ అబ్బాయికి ఒకటి, మృదంగం ఆయనకు ఒకటి ఇచ్చింది. తర్వాత మాటల్లో చెప్పింది, తనకొచ్చినదాని కంటే తను ఇచ్చింది ఎక్కువని.

ఈ సంఘటన మీకు భయం పుట్టించాలని చెప్పలేదు. ఆ మూడు కవర్లలో వయొలిన్ వాయించినవాడి కవరు ఎటు వెళ్లిందో గమనించండి. గాత్రం పాడేవాళ్లు కచేరీ వెతుక్కోవాలి, పక్కవాద్యాలను తామే చూసుకోవాలి. వయొలిన్ వాయించేవాళ్లను ఇంకొకరు వెతుక్కుంటూ వస్తారు, ఎందుకంటే గాత్ర కచేరీ అంటే పక్కన వయొలిన్ ఉండాల్సిందే. పైగా చెన్నైలో భరతనాట్యం అరంగేట్రాలు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి ఆర్కెస్ట్రాలో వయొలిన్‌కి చోటుంటుంది, రిహార్సల్‌కి కూడా విడిగా మాట్లాడుకోవచ్చు. సంగీతంలో తిండి పెట్టే వాద్యం ఏదని అడిగితే, మీ అమ్మాయి ఎంచుకున్నది చెడ్డ ఎంపిక కాదు. సోలో చేస్తేనే గొప్ప, పక్కవాద్యం తక్కువ అన్న అభిప్రాయం ఆమెకు ఉంటే మాత్రం ఇప్పుడే వదిలించండి.

డబ్బు కట్టించుకుని కచేరీ అవకాశం ఇస్తామనేవాళ్లు ఎదురవుతారు. అలాంటిదానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇక లెక్క. నెలకు 16,000తో పాటు ఫీజుని నెలలకు పంచితే మరో 1,700. మొత్తం 17,700. మీ మిగులు 13,000. నెలకు 4,700 తక్కువ పడుతుంది. ఏడాదికి సుమారు 56,000, మూడేళ్లకు 1.7 లక్షలు. అంతే. దీనికోసం 7 లక్షల ఎఫ్‌డీ తీయాల్సిన పని లేదు, లోనూ అక్కర్లేదు. చీటీ డబ్బులోంచే ఇది తీరిపోతుంది. చీటీ రావడానికి ఏడాది పడుతుంది కాబట్టి మొదటి ఏడాది లోటుకి మాత్రం ఎఫ్‌డీలో 56,000 వాడుకుని, చీటీ రాగానే మళ్లీ అక్కడే పెట్టేయండి. చీటీ పాటలో ముందే ఎత్తుకుందామని మాత్రం చూడకండి, పాటలో వదులుకునే డబ్బు మీ 56,000 మీద ఎఫ్‌డీ వడ్డీ కంటే చాలా ఎక్కువ.

లోన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే బ్యాంకుకి వెళ్తే మీకు తేలిగ్గానే ఇస్తారు. గుర్తింపున్న విశ్వవిద్యాలయం డిగ్రీ అయితే 4 లక్షల దాకా మన వాటా కట్టమనరు, 7.5 లక్షల దాకా ఆస్తి తనఖా అడగరు. తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం పెడితే చాలు. వాయిద్యం కొనడానికి కూడా అందులోంచే తీసుకోవచ్చు. అయినా వద్దంటాను. కోర్సు అయిన ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది. ఆమె సంపాదన అన్నిటికంటే తక్కువగా ఉండే కాలం సరిగ్గా అదే. నెలనెలా ఈఎంఐ కట్టాలంటే పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లలకు సరళీస్వరాలు చెప్పాలి. సాధనకు టైమ్ ఉండదు. సాధన లేకపోతే పిలుపులు ఉండవు. సాఫ్ట్‌వేర్ చదువుకి తీసుకున్న లోన్ జీతంతో తీరుతుంది, దీనికి తీసుకున్న లోన్ ఆమె సాధన సమయంతో తీరుతుంది. ‘ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది కదండీ’ అని బ్యాంకులో అంటారు. అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉద్యోగులకు 12.75 లక్షల జీతం దాకా పన్నే పడదు. మీ జీతానికి లేని పన్నులో మినహాయింపు ఎందుకు?

ఎఫ్‌డీని రెండుగా విడదీయండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 49,000 కావాలి. ఆరు నెలలకు దాదాపు 3 లక్షలు. అది మీ ఉద్యోగం ఊడినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా వాడేది, సంగీతానికి సంబంధం లేనిది. మిగిలిన 4 లక్షలు ‘నాలుగో ఏడు నుంచి’ అని పేరు పెట్టి మూడేళ్లకు వేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్లకు 4.8 లక్షలు దాటుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు దీనికి వద్దు. మూడేళ్లలో కచ్చితంగా కావాల్సిన డబ్బు, ఆ సమయానికి మార్కెట్ పడి ఉంటే అమ్మాయికి ‘ఇంకో ఏడాది ఆగి ఎంఏలో చేరు’ అని చెప్పలేం.

నాలుగు, ఐదు సంవత్సరాలు ఎంఏ అనుకుందాం. నెలకు 18,000 కావాలి, ట్యూషన్లు, చిన్నా చితకా పిలుపులతో 9,000 సంపాదిస్తుందనుకుంటే మీరు వేయాల్సింది 9,000. తర్వాత మూడేళ్లు ఖర్చు, సంపాదన రెండూ పెరుగుతాయి, తేడా అంతే ఉంటుందనుకున్నా ఐదేళ్లకు మొత్తం 5.4 లక్షలు. ఎఫ్‌డీ 4.8, చీటీలో లోటు పోను 1.3. అందులో వయొలిన్‌కి 60,000 తీసినా ఇంకా 70,000 ఉంటుంది. ఐదున్నర లక్షలు. సరిపోయింది. అమ్మాయి సంపాదన నా అంచనాని దాటితే మిగిలిందంతా ఆమెదే.

ఇంత పట్టుగా ఎందుకు లెక్క కడుతున్నానంటే, మీ అబ్బాయి. ఇప్పుడు తొమ్మిదిలోకి వస్తున్నాడు. అక్క డిగ్రీ మూడో ఏట అతను ఇంటర్‌లో ఉంటాడు, ఐదో ఏట ఇంజినీరింగో ఇంకోటో మొదలుపెడతాడు. ఇద్దరి ఖర్చులూ అక్కడ ఎదురుపడతాయి. నాలుగో ఏడు నుంచి మీ నెలవారీ మిగులు 13,000 మొత్తం అబ్బాయికి పోవాలి, అమ్మాయి ఎఫ్‌డీ మీద నడవాలి. మూడో ఏడు ఇంటర్ ఫీజు ఒక్కటే ఇబ్బంది పెడుతుంది, ఆ ఏడాదికి వచ్చే ఇంక్రిమెంట్లూ బోనస్సూ ముందే దానికి రాసేసుకోండి. పీఎఫ్ జోలికి వెళ్లకండి. మీకు రిటైర్మెంట్‌కి పదేళ్లే ఉంది.

వయొలిన్ 60,000 అన్నాను, మీరు 1.2 లక్షలు అన్నారు. మొదటి ఏడాది కొత్తది కొనవద్దు. ఇప్పుడున్నదాన్ని చెన్నైలో మంచి రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి బ్రిడ్జి సరిచేయించి, కొత్త తంత్రులు వేయించి, కమానుకి (తంత్రుల మీద లాగి వాయించే బద్దకి) వెంట్రుకలు మార్పించమనండి. సగం కేసుల్లో ‘వయొలిన్ బాలేదు’ అన్నది కమాను సమస్యే అవుతుంది. నేను వేసిన 60,000 రెండో ఏటికి. అప్పుడు ఆమె గురువే పక్కన కూర్చుని, నాలుగు వాయించి చూసి ఒకటి ఎంపిక చేస్తారు. అప్పటికి ఆమె చెవి కూడా మారి ఉంటుంది. ఇంటర్ అయిన పిల్లకు నచ్చిన నాదం, రెండేళ్ల తర్వాత నచ్చకపోవడం మామూలే.

స్కాలర్‌షిప్పుల్ని నా లెక్కలో వేయలేదు, కావాలనే. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి, మీ అమ్మాయికి ఆ అర్హత ఉంది. నోటిఫికేషన్ పడగానే వేయించండి. కానీ ఆ డబ్బు ఆరు నెలలకోసారి వాయిదాల్లో వస్తుంది, హాస్టల్ అద్దె నెలనెలా కట్టాలి. వస్తే పండగ అనుకోండి. ఆకాశవాణి ఆడిషన్‌కి కూడా డిగ్రీ ఉండగానే సిద్ధం కావాలి. బీ గ్రేడ్ వచ్చినా సరే, ఆ గ్రేడ్ చూసే పిలిచేవాళ్లున్నారు.

బీకాం సంగతి. ఒక డిగ్రీ కాలేజీలో, ఇంకోటి దూరవిద్యలో ఒకేసారి చేయడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది, కాబట్టి రూల్ అడ్డు లేదు. అడ్డంతా క్యాలెండర్‌ది. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో ఉంటాయి. డిసెంబరు చెన్నైలో సంగీత సీజన్. రోజుకు నాలుగు కచేరీలు వినగలిగే నెలలో, పక్కన కూర్చుని వాయించమని ఎవరైనా పిలిచే నెలలో, అమ్మాయిని కాస్ట్ అకౌంటెన్సీ పుస్తకం పట్టుకుని కూర్చోమనడం నాకు నచ్చదు. బ్యాకప్ కావాలంటే సంగీతంలోనే ఉంది. ఎంఏ తర్వాత కాలేజీ లెక్చరర్లకు పెట్టే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు. అందులో పరిశోధనకిచ్చే ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000. అందుకే ఎక్కడ చేరినా డిప్లొమా కాకుండా యూజీసీ గుర్తింపున్న డిగ్రీయే ఉండాలని పట్టుపట్టండి. ఉద్యోగం చేస్తే కళ పోతుందని అమ్మాయి అంటే వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగతి చెప్పండి. 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ జీతం ఆయన వయొలిన్‌ని ఏమీ తగ్గించలేదు.

మీ ఉత్తరంలో ఒకటి లేదు. ఈ ఎనిమిదేళ్ల లెక్కంతా మీ ఒక్కరి జీతం మీద ఆధారపడి ఉంది. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే వయొలిన్ కంటే ముందు, హాస్టల్ అడ్వాన్సు కంటే ముందు అది తీసుకోండి.

ఎలక్ట్రానిక్ తంబూరా అక్కర్లేదు, ఫోన్‌లో యాప్ చాలు. దాని బదులు హాస్టల్ చూసేటప్పుడు ఒక పని చేయండి. అమ్మాయి వయొలిన్ పెట్టె పట్టుకుని వెళ్లి, వార్డెన్ ముందే ఒక అరగంట వాయించాలి. రోజుకు నాలుగు గంటల సాధన అంటే మొదట అందరూ తలూపుతారు, మూడో వారం పక్క గదివాళ్లు తలుపు కొడతారు. అక్కడ ఒప్పుకోకపోతే నెలకు వెయ్యి ఎక్కువైనా ఇంకో చోటు చూడండి. ఆ వెయ్యి నా లెక్కలో లేదు, కానీ అది పెట్టొచ్చు.