నైట్ డ్యూటీ తప్పుతుందని మాత్రం టీచింగ్‌కు రావద్దు

అమ్మీ,

నైట్లతో విసిగిపోయా, ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరతా పెద్దమ్మా అన్నావు. చేరు, మంచిదే. కాకపోతే వార్డు పని పడక టీచింగ్‌కు వచ్చినవాళ్ళను స్టూడెంట్లు వారంలో పసిగడతారు.

మే నెలలో కర్నూలు పెద్దాసుపత్రిలో క్లినికల్ పోస్టింగ్, అంటే స్టూడెంట్లకు వార్డులోనే పని నేర్పడం, ఎలా ఉంటుందో చెప్తా విను. ఆలూరు వైపు నుంచి వాంతులు, విరేచనాలతో వచ్చిన ముసలాయనకు నరం దొరకదు. సెకండ్ ఇయర్ పిల్ల చేతిలో క్యానులా, అదే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, వణుకుతుంటుంది. "ఆ పిల్లొద్దు, నువ్వే ఎయ్యి తల్లీ" అంటాడాయన. ఆయన వద్దంటే నువ్వే పెట్టు, పిల్లను పక్కన నిలబెట్టి చూపించు. సరేనంటే ఆ పిల్లతోనే చేతికి రబ్బరు పట్టీ బిగించి, వేలితో తడిమి చూడమను. కంటికి కనపడే నరం కన్నా వేలికి తగిలేదాన్నే నమ్మాలి. రక్తం వెనక్కి కనపడగానే ఆ సంబరంలో సూదిని ట్రేలో పడేస్తారు, లేదంటే మూత పెట్టబోతారు. నీ చూపు ఆ క్షణంలో ఆ చేతి మీదే ఉండాలి. వాడిన సూది నేరుగా తెల్ల డబ్బాలో పడాలి. కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకునే డమ్మీ చెయ్యి వద్దనదు, దానికి నరం ఎండిపోదు, అందుకే దాని మీద ఎంత చేయించినా ఇవి రావు.

ఎమ్మెస్సీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఆ తర్వాత ఏడాది అనుభవం. ఏడాదితో ఆగకు. రెండు మూడేళ్ళు చెయ్యి, కొన్నాళ్ళు ఐసీయూలో కూడా. ప్రిన్సిపాల్ కావడానికి ఎలాగూ 15 ఏళ్ళ అనుభవం కావాలి, ఇప్పుడు తొందరపడి సాధించేదేం లేదు.

స్పెషాలిటీ అంటే అందరూ మెడికల్ సర్జికల్ వైపే పరిగెడతారు. నన్నడిగితే కమ్యూనిటీ హెల్త్ తీసుకో. ఊళ్ళు తిరిగే పని అని చులకనగా చూస్తారు గానీ, మన దగ్గర అసలు ప్రశ్నలన్నీ అక్కడే ఉన్నాయి. కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయేవాళ్ళలో గర్భిణులూ ఉంటారు. ఇక్కడ మొదలైన వాళ్ళ చెకప్‌లు అక్కడ ఎవరు చూస్తారు? అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. థీసిస్‌కు ఇలాంటిది పట్టుకో. సీనియర్ల టాపిక్‌లో ఊరి పేరు మార్చి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక లీడర్‌షిప్. ఆ పేరుతో పెట్టే వర్క్‌షాపుల్లో భోజనాలు బాగుంటాయి. అసలు విద్య డ్యూటీ రోస్టర్ వేయడంలో వస్తుంది. మీ హెడ్ నర్సును అడిగి ఒక నెల నువ్వు వెయ్యి. ఇద్దరు కొత్తవాళ్ళను ఒకే నైట్‌కు వేయకూడదు. చంటిబిడ్డ తల్లికి వెసులుబాటు ఇస్తే, ఆ భారం ప్రతిసారీ పెళ్ళికాని పిల్ల మీదే పడకూడదు. పండగ సెలవు ఎవరికిచ్చినా మిగిలినవాళ్ళు నిష్ఠూరమాడతారు, పడాలి.

పైవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు "స్టాఫ్ చాలట్లేదు సార్" అంటే "చూద్దాం" అనే జవాబే వస్తుంది. మూడు నెలల లెక్క రాసి పట్టుకెళ్ళు, ఏ నైట్ ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు, ఎవరికి మందు ఆలస్యమైంది. మన నర్సింగ్‌కు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో చేసింది అదే కదా. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా నివారించగల రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని బొమ్మ గీసి మరీ చూపించింది. మనం ఆమె చేతిలో దీపాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

ఒక్క జాగ్రత్త. "రోజూ రానక్కర్లేదు, ఇన్‌స్పెక్షన్ రోజు కనపడితే చాలు" అనే కాలేజీలు నీకు తగులుతాయి. డబ్బు ఊరికే వస్తున్నట్టు ఉంటుంది. వాళ్ళ టీచర్ల లిస్టులో పేరున్నన్నాళ్ళు ఇంకోచోట చేరలేక చిక్కుల్లో పడతావు. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకో, జిరాక్సులే ఇవ్వు. ఇప్పుడున్న ఆసుపత్రి వదిలే ముందు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన వార్డులు అన్నీ రాయించుకో. తర్వాత వెళ్ళి అడిగితే తిప్పించుకుంటారు.

మీ పెద్దమ్మ