ఎడమచేతివాటం ఉన్న అమ్మాయి, ఎడమవైపు స్తంభం ఉన్న రంపం

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచీ ఎడమచేతివాటం. ఫర్నిచర్ తయారీ కోర్సులో చేరతానంటోంది. శిక్షణశాల చూడడానికి వెళితే, అక్కడి బ్యాండ్‌సాలన్నీ కుడిచేతివాళ్ల కోసం చేసినవేనని, ఎడమచేతివాళ్లకు వేరే యంత్రం కావాలని ఒకరు చెప్పారు. బంధువులేమో వేళ్లు పోగొట్టుకుంటుందని భయపెడుతున్నారు. కుడిచేత్తో పనిచేయడం అలవాటు చేయించాలా? ఎడమచేతి యంత్రం కొనివ్వాలా? లేక వేరే కోర్సు చూడమంటారా?

జవాబు: అమ్మా, మూడూ వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందుగా ఆ యంత్రం దగ్గరికే వెళ్లాలి. మీ భయమంతా అక్కడే మొదలైంది.

బ్యాండ్‌సా అంటే పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటి మీదుగా బెల్టులా తిరిగే సన్నని ఉక్కు పట్టీ. ఆ పట్టీకి ఒక అంచున పళ్లుంటాయి. మోటారు కింది చక్రాన్ని తిప్పుతుంది. బ్లేడు బల్ల మధ్యలో ఉన్న చీలిక గుండా ఎప్పుడూ కిందికే దిగుతుంది, పైకి వెళ్లే భాగం యంత్రం స్తంభం, అంటే పై చక్రాన్ని మోసే నిలువు దిమ్మ పక్కన మూతల చాటున ఉంటుంది. పళ్లు మనవైపు చూస్తుండగా నిలబడితే, మామూలు యంత్రంలో ఆ స్తంభం మన ఎడమపక్కన ఉంటుంది. బ్లేడుకు కుడివైపు అడ్డేమీ ఉండదు. ఈ యంత్రాన్నే అద్దంలో చూసినట్టు మార్చి, స్తంభాన్ని కుడివైపు పెడితే అది ఎడమ యంత్రం. తేడా అంతే.

పెద్ద కోత మిల్లుల్లో ఈ రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. అక్కడ పనివాడి చేతివాటం ఎవరూ అడగరు. దుంగ బ్లేడుకు ఏ పక్కగా సాగాలి, కోసిన పలకలు ఎటు బయటికి రావాలి, షెడ్డులో చోటు ఎటు ఉంది అన్నవి చూసి యంత్రాన్ని ఎంచుకుంటారు. ఒకే దుంగను రెండు పక్కలా ఒకేసారి చెక్కాలంటే ఒక కుడి రంపాన్ని, ఒక ఎడమ రంపాన్ని జంటగా బిగిస్తారు. కాబట్టి కుడి, ఎడమ అన్న పేర్లు వినగానే అవి మనుషుల చేతుల గురించేనని అనుకోనవసరం లేదు.

ఇక మీ అమ్మాయి నిలబడబోయే చిన్న యంత్రం సంగతి. తిన్నగా కోసేటప్పుడు చెక్కను ఒక అడ్డుపట్టీకి ఆనించి ముందుకు నెడతారు, దాన్ని ఫెన్స్ అంటారు. ఫెన్స్ బ్లేడుకు కుడివైపు ఉంటే, ఎడమచెయ్యి చెక్కను దానికి అదిమి పట్టుకుంటుంది, కుడిచెయ్యి ముందుకు నెడుతుంది. కుడిచేతివాళ్లకు ఇది హాయిగా ఉంటుంది. ఫెన్స్ ఎడమవైపు ఉంటే చేతుల పని తారుమారవుతుంది: అదిమేది కుడిచెయ్యి, నెట్టేది ఎడమచెయ్యి. మామూలు బ్యాండ్‌సాలు చాలావాటిలో ఫెన్స్‌ను బ్లేడుకు ఎడమపక్కన, అంటే స్తంభంవైపు కూడా పెట్టుకోవచ్చు. చూశారా, కుడిచేతి యంత్రమని మీకు చెప్పినది ఈ పనిలో ఎడమచేతివాళ్లకూ అనువే! ఒకే ఒక పరిమితి ఉంది. బ్లేడుకూ స్తంభానికీ మధ్య ఉన్న ఖాళీని మించిన వెడల్పు ఆ పక్కన పట్టదు. పద్నాలుగు అంగుళాల చక్రాలున్న యంత్రంలో ఆ ఖాళీ పదమూడున్నర అంగుళాల దాకా ఉంటుంది. కుర్చీ కాళ్లకూ సొరుగు పలకలకూ అది ధారాళంగా సరిపోతుంది.

వంపులు కోసేటప్పుడు మాత్రం స్తంభం నిజంగానే అడ్డొస్తుంది, అయితే అది అందరికీ వస్తుంది. పొడవైన పలక మీద వంపు గీత వెంట వెళుతూ చెక్కను తిప్పుతుంటే, దాని తోక వెళ్లి స్తంభానికి కొట్టుకుంటుంది. కోత సగంలో ఆగిపోతుంది. అప్పుడు అనుభవమున్న పనివాళ్లు బలం ఉపయోగించరు. ముందే ఆలోచించి గీతను పలక రెండో ముఖం మీద గీసుకుంటారు. పలకను బోర్లా తిప్పేసరికి వంపు దిశ మారి, తోక ఖాళీగా ఉన్న కుడివైపు తిరుగుతుంది. ఈ ఆలోచన వచ్చినవాళ్లకు యంత్రం ఏ చేతిదైనా ఒకటే.

నేను సలహాలివ్వడం మొదలుపెట్టక ముందు కొన్నాళ్లు వడ్రంగి శిక్షణశాలలో పనిచేశాను. పిల్లలు మొదటిసారి బ్లేడు మార్చే రోజు నాకు చాలా ఇష్టం. చుట్టలా మడిచి ఉన్న కొత్త బ్లేడును జాగ్రత్తగా విప్పి చక్రాల మీదికి ఎక్కించబోతారు, తీరా చూస్తే పళ్ల మొనలు పైకి చూస్తుంటాయి. తప్పు బ్లేడు పంపారని కంగారుపడతారు. ఎటు తిప్పి పెట్టినా మొనలు కిందికి రావు. అప్పుడు బ్లేడును రెండు చేతులతో పట్టుకుని, లోపలి ముఖం బయటికి వచ్చేలా చొక్కా చేతిని తిరగేసినట్టు తిరగేయాలి. అంతే, మొనలు బల్లవైపు చూస్తాయి. కుడి యంత్రంలో సరిగ్గా కూర్చున్న సన్నని బ్లేడు ఎడమ యంత్రానికి సరిపోవాలన్నా చేయవలసింది ఇదే. ఆ పని తన చేతులతో చేసిన పిల్లకు కుడి, ఎడమల గురించి ఇంకెవరూ పాఠం చెప్పనక్కరలేదు.

వేళ్ల భయం గురించి. అది తీసిపారేసే భయం కాదు, కానీ దానికీ చేతివాటానికీ సంబంధం లేదు. బ్యాండ్‌సా బ్లేడు చెక్కను బల్ల మీదికి అదుముతుంది, కాబట్టి గుండ్రటి బ్లేడున్న బల్ల రంపంలా చెక్కను మన మీదికి విసిరికొట్టడం అరుదు. గుండ్రటి కర్రలు మాత్రం దొర్లిపోతాయి. వాటిని వి ఆకారపు దిమ్మెలో ఉంచే కోయాలి. పై రక్షణ కవచం చెక్కకు ఆరు మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. బ్లేడు దారికి ఎదురుగా వేలు ఎప్పుడూ ఉండకూడదు. చివరి కొన్ని అంగుళాలు కర్రతో నెట్టాలి. చేతితొడుగులు బ్లేడు మార్చేటప్పుడే వేసుకోవాలి, యంత్రం తిరుగుతున్నప్పుడు వద్దు. చేతులు ఒకదాన్నొకటి దాటినప్పుడు కూడా ప్రమాదం వస్తుంది. ఎడమచేతి పిల్లను బలవంతంగా కుడిచేతి పద్ధతిలో నిలబెడితే అలా దాటే అవకాశం పెరుగుతుంది. అందుకే అలవాటు మార్చవద్దన్నాను. కరెంటు తీసేసి, కదలని బ్లేడు ముందు చెక్కను గీత వెంట పది సార్లు నడిపించమనండి. మోచెయ్యి ఎక్కడ ఇరుకున పడుతుందో, ఎక్కడ చేతులు దాటుతున్నాయో తనకే తెలుస్తుంది. అక్కడ నిలబడే చోటు మార్చుకోవాలి.

ఎడమ యంత్రం ఎందుకు కొనవద్దన్నానంటే, చిన్న సైజుల్లో అవి అరుదు, రేపు ఉద్యోగానికి వెళ్లే చోట ఉండేది మామూలు యంత్రమే. మొదటి నుంచీ దాని మీదే చెయ్యి కుదరాలి. చేతివాటం నిజంగా లెక్కలోకి వచ్చే పనిముట్లు వేరే ఉన్నాయి. చేత్తో పట్టుకునే గుండ్రటి కరెంటు రంపంలో బ్లేడు ఏ పక్కన ఉందో చూసుకోవాలి, గీత కంటికి కనబడడం దాని మీదే ఆధారపడుతుంది. ఏటవాలు అలుగున్న కొన్ని చిత్రికలు కుడి, ఎడమ వేరువేరుగా దొరుకుతాయి. ఉలికీ సుత్తికీ ఆ బెడద లేదు.

కోర్సు ఎంపికకు వస్తే, నేనైతే భవనాలూ యంత్రాల సంఖ్యా చూసి మురిసిపోను. ఒక్కో యంత్రానికి ఎంతమంది విద్యార్థులో, వారానికి ఎన్ని గంటలు దాని ముందు నిలబడనిస్తారో అడగండి. బ్లేడు మార్చడం, బిగువు సరిచూడడం, బ్లేడు పక్కకు ఊగకుండా పట్టి ఉంచే గైడ్లు సర్దడం విద్యార్థి చేత చేయిస్తారా, శిక్షకుడే చేసి చూపిస్తారా అన్నది తప్పకుండా అడగండి. చేయించని చోట చేర్చకండి. ఈ పని బాగా వచ్చినవాళ్లకు ఫర్నిచర్ ఒక్కటే దారి కాదు. లోహాల పోత పనికి చెక్క నమూనాలు చేసేవాళ్లు, వాద్యాలకు పలుచని పలకలు చీల్చేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు అందరూ ఈ రంపం మీద ఆధారపడినవాళ్లే. కోత మిల్లుల్లో బ్లేడులకు పదునుపెట్టి, వంకర తీసి, బిగువు సరిచేసే పని విడిగా ఒక వృత్తి. ఓపికా చూపూ ఉన్నవాళ్లకు అందులో మంచి గౌరవం ఉంది. మీ అమ్మాయికి అది నప్పుతుందేమో చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఈసారి శిక్షణశాలకు వెళ్లినప్పుడు మీరు మాట్లాడకండి, తననే మాట్లాడనివ్వండి. "నాది ఎడమచేతివాటం. ఫెన్స్ ఎడమవైపు పెట్టి కోయనిస్తారా?" అని శిక్షకుణ్ని అడగమనండి. ఆయన యంత్రం దగ్గరికి తీసుకెళ్లి ఫెన్స్ జరిపి చూపిస్తే, ఆ రోజే దరఖాస్తు ఇచ్చి రండి.